కుడి తలుపు తెరవొద్దన్నారు

నేను ఒక కారు తలుపుని. కుడివైపు ముందు తలుపుని, అంటే బండి నడిపేవాళ్ళు తెరవవలసిన తలుపుని. ప్రస్తుతం కొండలరావుగారు నన్ను తడిగుడ్డతో తుడుస్తున్నారు. రోజూ పొద్దున్నే ఇదే పని. పైనుంచి తుడుచుకుంటూ వచ్చి పిడి కింద ఆగుతారు. అక్కడ రంగులో చిక్కుకుపోయిన ఆవగింజంత నలుసుని గోటితో తడిమి నిట్టూరుస్తారు. ఆ నిట్టూర్పు అయ్యాకే మిగతా బండికి స్నానం.

పుట్టినప్పుడు నేను ఒట్టి ఇనుపరేకుని. కర్మాగారంలో పెద్ద ప్రెస్సు యంత్రం ఒక్క గుద్దు గుద్దేసరికి నాకీ వంపు వచ్చింది. రంగుల గదిలో మల్లెపువ్వులా తెల్లబడ్డాను. ఎక్కడినుంచో ఎగిరొచ్చి వాలిన ఆ నలుసు కూడా నాతోపాటే తెల్లబడింది. ఇక నన్ను బండికి బిగించినవి మంచి చేతులే. కానీ సరిగ్గా అప్పుడే భోజనాల గంట మోగింది. ఆకలి మీదున్న మనిషికి వెంట్రుకవాసి తేడా తేడాలా కనిపించదు. అది కనిపించేది కడుపు నిండినవాళ్ళకే. అలా నేను పైన కాస్త ఎడంగా, కింద కాస్త బిగువుగా కుదురుకున్నాను.

నిడదవోలు వచ్చేదాకా ఆ సంగతి నాకూ తెలియదు. కొండలరావుగారిది బట్టల కొట్టు. అంచుకి అంచు కలవకుండా చీర మడతపెడితే ఆయనకి అన్నం సయించదు. బండి ఇంటికొచ్చిన రోజున, చక్రాల కింద నలిగిన నిమ్మకాయల వాసన ఇంకా పోకముందే, ఆయన చూపు నా మీద పడింది. లోపలికి వెళ్ళి ఎవరిదో పాత శుభలేఖ తెచ్చి నాకూ బండికీ మధ్య సందులో పెట్టారు. పైన దూరింది. కింద దూరలేదు.

అంతే, నాకు వైభోగం పట్టింది! బండి చూడ్డానికి వచ్చినవాళ్ళకి ఆయన బండి చూపించరు, నన్ను చూపిస్తారు. ఇంజను ఎలాంటిదని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

“చూడు గంగరాజూ, పైన దూరిందా? ఇప్పుడు కింద చూడు. దూరుద్దా? దూరదు!” అన్నారు ఒకరోజు బావమరిదితో.

“మా అక్కని చూడ్డానికొచ్చినప్పుడు కూడా ఇన్ని వంకలు పెట్టలేదు కదా బావా నువ్వు!”

“అప్పుడు చేతిలో శుభలేఖ లేదురా.”

“ఉంటే నా చెవి వెనకాల దూర్చి చూసేవారు కాబోలు,” అన్నారు వరండాలోంచి ఆయన భార్య రాఘవమ్మగారు.

అందరూ నవ్వారు. నవ్వని మనిషి ఒక్కతే, వాళ్ళమ్మాయి ప్రసూన. ఎందుకంటే ఆ రోజే కొండలరావుగారు ఒక చట్టం చేశారు. షోరూమువాళ్ళు తలుపు మార్చి ఇచ్చేదాకా కుడి తలుపు ఎవరూ తెరవకూడదు. తెరిస్తే, మీరే వాడి పాడుచేశారని తప్పు మన మీదకి తోసేస్తారట! ఆ చట్టానికి ముందుగా తలవంచింది ఆయనే. ఎడమ తలుపులోంచి ఎక్కి, గేరు రాడ్డు మీదుగా ఒక కాలు, తర్వాత పొట్ట, తర్వాత రెండో కాలు దాటించి నడిపే సీట్లోకి జారతారు. మధ్యలో పొట్ట తగిలి హారను మోగుతుంది. కొండలరావుగారు బయల్దేరారని వీధి వీధంతటికీ తెలిసిపోతుంది. ఇంతా చేసి ఆయన వెళ్ళేది గుడికి, లేకపోతే షోరూముకి.

ప్రసూన కాలవ అవతలి పల్లెలో టీచరు. ఆ బడికి టీచరంటే ఆమె ఒక్కతే. తాళంచెవి కూడా ఆమె సంచీలోనే ఉంటుంది. బస్సు వేళ మారినప్పటినుంచి ఆమె వెళ్ళేసరికి పిల్లలు తాళం ముందు ఎండలో కూర్చుని ఉంటున్నారు. స్కూటరు కొనుక్కుంటానంటే, “కాలవగట్టు మీద ఇసక లారీలు తిరుగుతాయమ్మా, కారే కొంటాను, నువ్వే నడుపుకెళ్దువుగాని” అన్నది ఈ నాన్నే. ఆమె నేర్చుకుంది, లైసెన్సూ తెచ్చుకుంది. కానీ చీర కట్టుకుని గేరు రాడ్డు దాటడం ఎలాగో ఆయన చట్టంలో లేదు.

ప్రసూన పెద్దగా మాట్లాడదు. సాయంత్రం బస్సు దిగి వచ్చి, ఒకసారి నా మీద చెయ్యి వేసి లోపలికి వెళ్ళిపోతుంది. ఆ చెయ్యి పిడి దాకా వస్తుందేమోనని నేను ప్రతిరోజూ ఎదురుచూశాను. తలుపై పుట్టి తెరుచుకోకుండా ఉండిపోతే ఎలా ఉంటుందో గోడల్ని అడిగినా చెప్పలేవు!

ఇప్పుడు, ఇదిగో, ఫోను మోగింది. కొండలరావుగారు తడిచేత్తోనే స్పీకరు నొక్కారు.

“సార్, తలుపు మార్చేంత లోపం కాదండీ అది. బండి తెస్తే మడతబందులు సర్దేస్తాం. మా మేస్త్రి సెలవులో ఉన్నాడు, వచ్చే నెల తీసుకురండి.”

ప్రసూన క్యారేజీ పట్టుకుని మెట్ల మీద నిలబడి అంతా వింది.

“విన్నావుగా తల్లీ. ఒక్క నెల ఓపిక పట్టు.”

“నిన్న రెండో తరగతి పిల్లొకత్తి ఏడ్చుకుంటా ఇంటికెళ్ళిపోయింది నాన్నా, ఇక బడి లేదనుకుని.”

“అయ్యయ్యో!” ఆయన నిజంగానే బాధపడ్డారు. చేతిలో గుడ్డ కూడా కిందికి జారింది. “కానీ ఇప్పుడు తెరిచామనుకో, ఇన్నాళ్ళూ కాపాడిందంతా...”

ఆయన మాట పూర్తికాకుండానే ప్రసూన లోపలికి వెళ్ళింది. మళ్ళీ బస్సేనేమోనని నా ప్రాణం ఉసూరుమంది. అంతలోనే గుమ్మంలోకి వచ్చింది. కుచ్చిళ్ళు పైకి దోపుకుంది. చేతిలో కారు తాళం! రాఘవమ్మగారు ఆమె వెనకే వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డారు.

ప్రసూన మెట్లు దిగింది, నాన్నని దాటింది, గేటు వైపు కాదు, నా వైపు! నాలుగు వేళ్ళు నా పిడి లోపలికి వచ్చాయి. లాగింది. నేను కదల్లేదు. కింద బిగువు కదా. కొంచెం పైకెత్తి మళ్ళీ లాగింది. అబ్బ! నేనింత వెడల్పుగా తెరుచుకోగలనని నాకే తెలియదు!

ఆమె కూర్చుని నన్ను ధడాలున వేసింది. అలా వేస్తేనే పడతాను.

“మెల్లిగా అమ్మా! తలుపు...” అంటూ రెండడుగులు వచ్చి, కొండలరావుగారు ఆగిపోయారు. తర్వాత ఆయనే వెళ్ళి గేటు బార్లా తీశారు.

ప్రసూన గేరు వేసింది.