లైటు బాగానే ఉంది

నేను ఒక టార్చిలైటును. మూడు బ్యాటరీలు పడతాయి. ఒళ్ళు ఇత్తడి, దాని మీద నికెలు పూత. ఆ పూత ఇప్పుడు మీట చుట్టూ మాత్రమే మిగిలింది. ఫ్యాక్టరీలో నన్ను చేసినవాళ్ళు ఒకసారి వెలిగించి చూసి డబ్బాలో పెట్టారు. ఆ తరువాత నన్ను వెలిగించిన ప్రతి మనిషీ ఏదో పోగొట్టుకున్నవాడో, ఎవరో వస్తున్నారని భయపడినవాడో. ఊరికే వెలుతురు కోసం నన్ను వెలిగించినవాళ్ళను నేను చూడలేదు.

మొదట ఒక పత్తి మిల్లు వాచ్‌మన్ దగ్గర ఉన్నాను. ఆయన ప్రహరీ గోడ మీద ఒకసారి నా వెలుతురు తిప్పి, దొంగలు దాన్ని చూసి పారిపోయి ఉంటారని నమ్మి పడుకునేవాడు. మిల్లు మూతపడ్డాక నన్ను గొర్రెల బీరప్పకు అమ్మేశాడు.

బీరప్పది అనంతపురం జిల్లాలో కొండ కింద ఊరు. పొద్దు గూకే వేళకు మందను దొడ్డిలోకి తోలి, చుట్టూ వేసిన ముళ్ళకంప మీదుగా నన్ను తిప్పేవాడు. నా వెలుతురులో గొర్రెల కళ్ళు పచ్చగా మెరుస్తాయి. ఏది పడుకుంది, ఏది నిలబడింది, దేనికి ఒంట్లో బాగాలేదు, అన్నీ ఆ మెరుపును బట్టి చెప్పేవాడు.

వానలు లేని ఏడు వచ్చింది. మేత అంటే ఎండు గడ్డి, శనక్కాయ కట్టె. ఒక సాయంత్రం ఒక గొర్రె దొడ్డి వాకిలి వదిలేసి కంపలోకి నడిచింది. మరునాడూ అంతే. పగలు మామూలుగానే తిరిగేది.

"పచ్చాకు ల్యాక దీనికి చూపు మందగించిండాది" అన్నాడు బీరప్ప. తోటల దగ్గరికి పోయి మునగ కొమ్మలు నరికి తెచ్చి వేశాడు. కొన్నాళ్ళకు గొర్రె వాకిలి గుర్తుపట్టింది. మందలు కాసేవాళ్ళకు ఇది తాతల నాటి నుంచీ తెలిసిన సంగతి. దాన్ని ఎవరూ వైద్యం అనరు.

అదే ఏడు బీరప్ప భార్య సుంకమ్మ రెండోసారి కడుపుతో ఉంది. ఆరో నెల దాటాక, పొద్దు గూకితే ఆమె గోడ తడుముతూ నడవడం మొదలుపెట్టింది. బయటికి పోవాలంటే నన్ను పట్టుకుపోయేది. నేను దారి మీద వెలుతురు వేసేదాన్ని. దారి నాకు కనబడేది, ఆమెకు కాదు. ఒకనాడు కుడితి తొట్టికి తగిలి పడింది. కడుపు మీద చెయ్యి పెట్టుకుని అక్కడే కాసేపు కూర్చుంది. లేచి ఇంట్లోకి వచ్చి నన్ను గూట్లో పడేసింది.

"ఈ లైటు పని జెయ్యల్యా" అంది.

బీరప్ప బ్యాటరీలు మార్చాడు. బల్బు మార్చాడు. చివరికి మండలంలో రేడియోలు బాగుచేసే మాబూసాబు దగ్గరికి తీసుకుపోయాడు. మాబూసాబు నన్ను విప్పి, స్ప్రింగు గీకి, అద్దం తుడిచి, ఎదుటి గోడ మీద వెలుతురు వేశాడు.

"లైటు బాగానే ఉండాది కదప్పా. ఏమైండాది దీనికి?"

"మా ఆడమనిషికి కనపడ్డం ల్యాదంట."

"అట్లయితే ఆయమ్మను తేవల్ల గానీ, లైటును తెస్తివేందబ్బా!"

కొట్టులో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. బీరప్పా నవ్వాడు. ఆ విషయంలో ఎవరైనా నిజం పలికింది అదే మొదటిసారి. టీ తాగి అందరూ లేచి వెళ్ళిపోయారు.

ఇంట్లో బీరప్ప తల్లి కెంచమ్మకు ఇదంతా దండగ ఖర్చుగా కనిపించింది. "నలుగురు బిడ్డలప్పుడూ నాకిట్లనే అయ్యె. కడుపుతో ఉంటే కండ్లు మసకలు కమ్ముతాయి. కాన్పయితే పోతాది. దానికి లైట్లు మారిస్తే ఏమొస్తాది?"

ఆమె అబద్ధం చెప్పలేదు. నలుగురు పుట్టాక నాలుగుసార్లూ పోయింది. చిక్కంతా అక్కడే ఉంది. కోడలికి బొప్పాయి వేడి అంది, మునగాకు వేడి అంది, గుడ్డు తింటే బిడ్డకు ఆయాసం అంది. మిగిలింది సంగటి, పచ్చిపులుసు. సుంకమ్మ అవే తిన్నది.

సుంకమ్మ పెద్దబిడ్డ మారెక్కకు మూడేళ్ళు. ఒక సాయంత్రం చెంబు తెమ్మంటే, ఎదురుగా ఉన్న చెంబును వదిలేసి నేల తడమడం మొదలుపెట్టింది. మరునాటి నుంచి పొద్దు గూకాక గడప దిగలేదు. పిలిస్తే ఏడ్చేది.

"ఆటలాడుతాంది పిల్లది" అంది కెంచమ్మ.

"నాకంటే కడుపు అంటివి గదత్తా. ఈ బిడ్డకేం కడుపు?"

కెంచమ్మ పొయ్యి దగ్గరికి పోయి, మండుతున్న పొయ్యినే మళ్ళీ ఊదింది.

నర్సు ఎస్తేరు టీకాలు వేయడానికి ఊరి బడికి వచ్చినప్పుడు సుంకమ్మ పిల్లనూ నన్నూ తీసుకుపోయింది. బడి గదిలో వెలుతురు తక్కువ. ఎస్తేరు పిల్ల రెప్ప ఎత్తి నన్ను వెలిగించింది. తెల్లగుడ్డు మీద, నల్లగుడ్డు పక్కన, సబ్బు నురగ ఎండినట్టు ఒక మచ్చ ఉంది. రెండో కంట్లోనూ ఉంది.

"రేచీకటమ్మా. ఒంట్లో ఎ విటమిను లేదు. పిల్లకూ లేదు, నీకూ లేదు. ఇట్లనే వదిలేస్తే నల్లగుడ్డు పుండై కరిగిపోతుంది. ఆ తర్వాత చూపు ఏ డాక్టరూ తెచ్చియ్యలేడు."

మందు సీసాలో అడుగున కొంచెం ఉంది. స్పూను నిండేదాకా ఎస్తేరు సీసాను తలకిందులుగా పట్టుకుంది. పిల్ల నోట్లో పోసింది.

"రేపు ఇంకో మోతాదు పడాల. సరుకు లేదు. వస్తే కబురు పెడతా. అంతదాకా గుడ్డో, కార్జమో, ఆకుకూరో, ఏది దొరికితే అది పెట్టు."

"నాకు?"

"కడుపుతో ఉన్నోళ్ళకు ఇంత మందు పొయ్యకూడదు. నీకు తిండిలోనే రావాల."

కబురు రాలేదు. ఎస్తేరు మాట తప్పిందని నేను అనను. సీసాలు ఎక్కడ ఆగాయో ఆమెకూ తెలిసి ఉండదు.

నర్సు వచ్చిపోయిన రోజు సాయంత్రమే బీరప్ప గొర్రె కోసం మునగ కొమ్మల మోపు తెచ్చి దొడ్డి ముందు దించాడు. సుంకమ్మ తడుముకుంటూ వచ్చి, మోపులో చెయ్యి పెట్టి ఒక కొమ్మ లాగింది.

"గొర్రె మేతకు చెయ్యి పెడతావేమ్మే?" అని అరిచింది కెంచమ్మ. "వేడి జేసి కడుపు జారితే ఎవురిదా పాపం?"

సుంకమ్మ మొగుడి వైపు తిరిగింది. "ఏమయ్యా, ఆ గొర్రెకు ఆకేస్తివి. చూపొచ్చెనా ల్యాదా?"

"వచ్చె."

"మరి మేమూ నీ మందలోవాళ్ళమే అనుకో."

బీరప్ప నన్ను వెలిగించి గొర్రె వైపు తిప్పాడు. తరువాత భార్య ముఖం మీదికి తిప్పాడు. ఇన్నేళ్ళలో ఆ పని చేయడం అదే మొదలు. మనిషి కళ్ళు మెరవవు. వాటిలో ఏమి తక్కువైందో నా వెలుతురులో తెలియదు. ఆమె రెప్ప వేయకుండా ఎటో చూస్తోంది.

"ఆకు దుయ్యి" అన్నాడు. మోపు ఇంట్లోకి మోసుకొచ్చాడు.

ఆ నెలలోనే ఊరి దేవర జాతర వచ్చింది. గొర్రెను కోసినప్పుడు కార్జం, అంటే దాని కాలేయం, ఇంటికి పోదు. కోసినవాళ్ళు అక్కడే నిప్పుల మీద కాల్చి తినాలి. అది ఆ ఊరి రివాజు. ఆ రోజు కోసింది బీరప్ప. కార్జాన్ని తట్టలో పెట్టుకుని, నన్ను చంకలో ఇరికించుకుని లేచాడు.

"యాడికప్పా మోస్తాండావు? పెండ్లాం రమ్మనిందా?" అన్నాడు నిప్పుల దగ్గర కూర్చున్న ఒకడు.

"గాజులు గూడా ఏసుకోని పో, చేతులు బోసిగా ఉండాయి!"

బీరప్ప ఆగాడు. "నా మందలో ఒకటి గుడ్డిదయ్యేట్టుండాది. నేను చూస్కుంటా. మీ మందలు మీరు చూస్కోండి."

వెనక నవ్వులు వినబడుతూనే ఉన్నాయి. ఇంటికి వచ్చాక కార్జం కాల్చి, ముక్కలు చేసి పిల్లకు తినిపించాడు. పిల్ల సగం ఉమ్మేసింది. ఉమ్మినదాన్ని తీసి మళ్ళీ పెట్టాడు. మిగిలింది మరునాడు పెట్టాడు. ఆకుకూర రోజూ ఉడికింది. కెంచమ్మ కొన్నాళ్ళు ఆ కుండ ముట్టుకోలేదు.

ఒక సాయంత్రం దొడ్డి అవతలి కొసన నిలబడి బీరప్ప నన్ను ఆర్పేశాడు.

"మారెక్కా, రామ్మా!"

పిల్ల గడప దిగింది. గొర్రెల మధ్య నుంచి, నీళ్ళ తొట్టి పక్కకు తప్పుకుని, తండ్రి దగ్గరికి వచ్చింది. ఆయన నమ్మలేదు. వెనక్కి పంపి మళ్ళీ పిలిచాడు. మళ్ళీ వచ్చింది. ఇంకోసారి పొమ్మంటే పిల్ల నేల మీద కూర్చుంది.

"నేను పోను. నా కాళ్ళు నొస్తాండాయి."

ఆయన పిల్లను భుజాన వేసుకుని ఇంట్లోకి నడిచాడు. నన్ను దొడ్డిలోనే మరిచిపోయాడు. అందుకు నాకు కోపం రాలేదు.

సుంకమ్మకు కొడుకు పుట్టాడు. తరువాత ఆమెకు చూపు పూర్తిగా వచ్చింది. "నేను చెప్పల్యా, కాన్పయితే పోతాదని?" అంది కెంచమ్మ. బాలింతను చూడటానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ అదే చెప్పింది. వాళ్ళు తల ఊపి, ఆ మాటను తమ ఇళ్ళకు తీసుకుపోయారు. ఆకు సంగతి ఎవరూ ఎత్తలేదు. సుంకమ్మ కూడా ఎత్తలేదు. ఆమె అలసిపోయి ఉంది.

మరుసటి ఏడు వాన పడింది. ఇంటికి చార్జింగు లైటు వచ్చింది. నా మీట తుప్పు పట్టి పనిచేయడం మానేసింది. కెంచమ్మ నన్ను పాత సామాన్లవాడికి వేసి ఉల్లిగడ్డలు తీసుకుంది. ఇప్పుడు గుత్తిలో ఒక కొట్టు వెనక, పాత చెంబుల కింద ఉన్నాను. ఇత్తడి కరిగించే చోటికి లారీ ఎప్పుడు పోతుందో తెలియదు.

నన్ను గంపలో వేసిన రోజున ఆ పిల్లవాడు గడప పట్టుకుని నిలబడటం నేర్చుకుంటున్నాడు. సుంకమ్మ కూలికి పోయింది, వాణ్ణి నాయనమ్మే చూసుకుంటోంది. వాడి చేతిలో సంగటి ముద్ద ఉంది. పొద్దు ఇంకా గూకలేదు. చీకటి పడ్డాక వాడికి ఆ గడప కనబడుతుందో లేదో నేను చూడలేదు.