తప్పుల టీలో మొదటి గ్లాసు

మా ఆయనకు తప్పు చేయడం రాదు. పెళ్లయిన కొత్తలో ఇది గొప్ప గుణమని మురిసిపోయాను. ఇప్పుడెవరైనా ఆ గుణంలో కాస్త వాటా కావాలంటే పొట్లం కట్టి ఇచ్చేస్తాను. ఆయన బస్సు అందుకోలేకపోతే బస్సు తొందరపడింది. ఆయన కొట్టిన మేకు వంగితే గోడలో లోపముంది. కూరలో ఉప్పెక్కువైతే నాదే తప్పు, అది వేరే సంగతి, ఆయన వండిన రోజున ఎక్కువైతే మాత్రం “ఈ మధ్య ఉప్పు మరీ ఘాటుగా వస్తోంది.” ఒకసారి ఎదురింటివాళ్ల గొడుగు తెచ్చేసుకుని, వాళ్లే మన గొడుగులాంటిది కొనుక్కున్నారని వానాకాలం వెళ్లేదాకా వాదించారు.

అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం లిఫ్టులు బాగుచేసే కంపెనీలో సర్వీసు మేనేజరు. ఆ కంపెనీలో వారానికోసారి కూర్చుని తప్పులు చెప్పుకోవడం ఒక అలవాటు. ఉపవాసం ఉన్నవాణ్ని తీసుకెళ్లి వంటింట్లో కూర్చోబెట్టినట్టు.

దాన్ని తప్పుల టీ అనేవాళ్లు. శనివారం సాయంత్రం మెకానిక్కులందరూ షెడ్డులో స్టూళ్లు లాక్కుని కూర్చునేవారు. మధ్యలో పీపా మూతమీద పెద్ద కెటిలు. ఒక్కొక్కరూ ఆ వారం తాము చేసిన తప్పు చెప్పాలి. ఎవరిది పెద్ద తప్పయితే వాళ్లకు మొదటి గ్లాసు, చిక్కగా, నురగతో. నియమం ఒక్కటే: నవ్వొచ్చు, తిట్టకూడదు. ఒకడు బొక్కబోర్లా పడ్డచోట మిగతావాళ్లు చూసుకుని అడుగేసేవారు. కొత్తగా చేరినవాళ్లకు పుస్తకాలకన్నా ఆ షెడ్డే ఎక్కువ నేర్పేదని చెప్పుకునేవారు.

మొదటి గ్లాసు చాలా వారాలు నా తమ్ముడిదే. వాడూ అక్కడే మెకానిక్కు. ఒకసారి ఒక వీధికి వెళ్లబోయి పక్క వీధికి వెళ్లి, నిక్షేపంలా తిరుగుతున్న లిఫ్టును విప్పి, మళ్లీ బిగించి, ఆ ఇంటివాళ్ల దగ్గర మెప్పు కూడా సంపాదించుకుని వచ్చాడు. ఇంకోసారి లిఫ్టు పెట్టె నెత్తిన టిఫిన్ డబ్బా మరిచిపోయాడు. అది అంతస్తులన్నీ ఎక్కుతూ దిగుతూ చప్పుడు చేస్తుంటే, ఏదో పెద్ద భాగం విరిగిందని భవనమంతా ఖాళీ చేయించారు.

“పనిచేసేవాడికే తప్పులక్కా,” అనేవాడు. “బావలాగా కుర్చీకి అతుక్కుని కూర్చుంటే నేనూ పతివ్రతనే.”

“ఒరేయ్, వినబడుతోంది,” అనేవారు ఈయన పేపరు వెనకనించి.

“వినబడాలనే బావా.”

మా ఆయన తీసుకునేది ఆఖరి గ్లాసు. అప్పటికి టీ చల్లారి, అడుగున మడ్డి మిగిలి ఉండేది. ఏ తప్పూ చేయనివాడికి దక్కేది అంతే.

తరవాత కంపెనీకి తెలివైన యంత్రమొకటి వచ్చింది. ఏ లిఫ్టు ఎప్పుడు మొరాయిస్తుందో, ఏ భాగం ఇంకెన్నాళ్లు ఆగుతుందో, ఎవరెక్కడికి వెళ్లి ఏం చేయాలో అదే తేల్చి అందరి ఫోన్లకూ చెప్పేది. దాని మాట ఎవరూ కాదనరు కాబట్టి షెడ్డులో దానికి కొత్తల్లుడని పేరు పెట్టారు. పెట్టింది ఎవరో వేరే చెప్పాలా.

నిజం చెప్పుకోవాలి, అల్లుడు మంచివాడే. లిఫ్టులో ఇరుక్కుపోయామని వచ్చే ఫోన్లు సగానికి పడిపోయాయి. వాన రాకముందే గొడుగు చేతికిచ్చే రకం. మా ఆయన ముఖంలో నేనెప్పుడూ చూడని వెలుగు కనిపించింది. ఇన్నేళ్లకు తనలాంటివాడు ఒకడు దొరికాడు మరి.

దానికి నేర్పే భారం కూడా ఈయనే మీదేసుకున్నారు. సాయంత్రాలు భోజనాల బల్లమీద కంప్యూటరు పెట్టుకుని, తప్పుల టీలో ఏళ్లతరబడి విన్న తప్పులన్నీ గుర్తుచేసుకుని దానికి చెప్పేవారు. ఎవరు, ఎక్కడ, ఏం పొరపాటు చేశారో పేర్లతో సహా. ఆయన జ్ఞాపకశక్తి అలాంటిది. తనవి తప్ప అన్నీ గుర్తే.

మా తమ్ముడు భుజమ్మీంచి తొంగిచూసి నవ్వాడు. “అల్లుడి చదువంతా నా తప్పులతోనే సాగుతోందే. రేపు పెద్దవాడయ్యాక నన్ను గుర్తుపడతాడా బావా?”

“మనుషులు చేసిన పొరపాట్లు అది చేయకూడదు కదరా. అందుకూ.”

గుర్తుపట్టింది. అదే వచ్చిన చిక్కు. ఎవరి మాటకు ఎంత విలువివ్వాలో అది లెక్కేసుకోసాగింది. తప్పులెక్కువ చెప్పుకున్నవాడి మాటకు బరువు తక్కువ, నోరు మూసుకున్నవాడి మాటకు ఎక్కువ. షెడ్డులో వాళ్లేం పిచ్చివాళ్లు కాదు. సంగతి అర్థమయ్యాక శనివారాల్లో తప్పులు సన్నబడ్డాయి. “ఈ వారం ఏం లేదండీ,” “నాదీ ఏం లేదండీ.” వట్టి టీ ఎంతసేపు తాగుతారు? ఇక అవసరం లేదని మా ఆయనే ఆపేశారు. తప్పులే పోయాయని ఇంటికొచ్చి సంబరంగా చెప్పారు కూడా. కెటిలు పారేయడానికి మనసొప్పక తమ్ముడు తెచ్చి మా వంటింట్లో పెట్టాడు.

“ఉంచక్కా. ఎప్పటికైనా పనికొస్తుంది. బావ రిటైరయ్యాక టీ కొట్టు పెట్టుకోవచ్చు.”

ఒక రోజు మధ్యాహ్నం ఈయన భోజనానికి ఇంటికొచ్చారు. అన్నం కలుపుతుండగా ఫోను మోగింది. చేయి ఎంగిలి కాబట్టి స్పీకరు పెట్టమన్నారు. పెట్టాను.

“బావా, కళ్లాసుపత్రి లిఫ్టు దగ్గరున్నా. బ్రేకు నాకు నచ్చలేదు. పట్టు వదులుతున్నట్టుంది. లిఫ్టు ఆపేసి బ్రేకు పట్టీలు మార్చేద్దామనుకుంటున్నా.”

“అల్లుడేమన్నాడు?”

“వచ్చే నెల దాకా పరవాలేదన్నాడు. ఇవాళ్టికి పెట్టె పైకెక్కి నూనె పెట్టి పొమ్మన్నాడు.”

“నీ అనుమానం దానికి చెప్పావా?”

“చెప్పా. నా మాటకు బరువు లేదట. ఇదివరకు ఊరికే భయపడి మంచి బ్రేకులు మార్చేశానట. అవన్నీ నేను టీ దగ్గర చెప్పి నవ్వించినవే కదా బావా.”

“చూశావా మరి? నువ్వు భయపడ్డప్పుడల్లా ఆపేస్తే, కళ్లకు కట్లు కట్టుకున్న ముసలాళ్లు మెట్లెక్కుతారా? ఈ నెల్లో దాని మాట మనం ఒక్కసారి కూడా కాదనలేదు. నీతో మొదలెట్టమంటావా?”

“నువ్వు చెప్పు బావా. నువ్వు ఊఁ అంటే ఆపుతా.”

“వద్దు. నూనె పెట్టి వచ్చెయ్.”

“సరే అయితే. అక్కా, వింటున్నావా? ఇవాళేం కూర?”

“నీకు పడనిదే,” అన్నాను.

“అయితే రానులే.”

లిఫ్టు నెత్తిన ఎక్కి పనిచేసేటప్పుడు కరెంటు తీసేయాలి. తీసేశాక దాన్ని పట్టుకుని ఉంచేది బ్రేకు ఒక్కటే. మా తమ్ముడు కరెంటు తీశాడు. అన్నీ పద్ధతిగానే చేశాడు. బ్రేకు పట్టలేదు. ఖాళీ లిఫ్టు కిందికి పడదట, పైకి పోతుందట, అవతలివైపు కట్టిన బరువు లాగడంవల్ల. పైన కప్పు ఉంటుంది. ఈ సంగతి నాకు అంతవరకూ తెలియదు. జీవితాంతం తెలియకపోయినా నాకేం లోటుండేది కాదు.

ఎందుకిలా జరిగిందో తేల్చడానికి కంపెనీవాళ్లు కూర్చున్నారు. ముందుగా యంత్రాన్నే అడిగారు. వాడి అనుమానాన్ని బరువు లేనిదని ఎప్పుడో పక్కన పెట్టేసింది గనక, అది తనకు తెలిసిన మిగతాదంతా కలిపి చూసుకుని, మెకానిక్కు పొరపాటే అయ్యుండడానికి ఎక్కువ అవకాశముందని చెప్పింది. దానికి అబద్ధమాడే అవసరమేముంది? పొరపాట్లలో వాడిదే అందరికన్నా పెద్ద చిట్టా అని దానికి నేర్పింది మనమేగా. పైగా కూర్చున్న పెద్దలకూ అది నమ్మశక్యంగానే తోచింది. టిఫిన్ డబ్బా మనిషే కదా!

ఆ మధ్యాహ్నం ఫోను వచ్చింది మా ఆయన సొంత నంబరుకు. ఆ మాటలు యంత్రానికి తెలియవు. మా ఆయన చెప్పలేదు.

బడిలో లెక్కలు చెప్పే మా మరదలు ఒక సాయంత్రం వచ్చి వంటింటి గడప మీద కూర్చుంది. ఏడవడం అయిపోయిన ముఖం.

“వదినా, ఒక్క మాట నిజం చెప్పు. మీ తమ్ముడు ఏదో మరిచిపోయే ఉంటాడు కదూ? ఆయన సంగతి మనకు తెలియదా?”

నేను గిన్నె తోముతూనే ఉన్నాను. అది ఎప్పుడో తెల్లబడింది.

“నాకైతే పరవాలేదు,” అంది. “పాప అడుగుతోంది. నాన్న ఏం తప్పు చేశాడమ్మా, బళ్లో అందరూ అంటున్నారు, అని. ఏం చెప్పను?”

“ఒక్క వారం ఆగు,” అన్నాను. అని, ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందా అని నాలుక కరుచుకున్నాను.

ఆ రోజు అన్నాల దగ్గర ఈయనతో అన్నాను, “ఆ ఫోను సంగతి చెప్పండి.”

“చెబితే వాడొస్తాడా?”

“వాడు రాడు. వాడి పేరొస్తుంది.”

“నేను చెప్పింది అల్లుడు చెప్పిందే కదా. నేను కొత్తగా అన్నదేముంది?”

“మరి మీకు జీతమెందుకిస్తున్నారు? చిలకలు ఇంకా చవగ్గా దొరుకుతాయి.”

సాధారణంగా ఇలాంటి మాటకు ఇల్లెగిరిపోవాలి. ఆయన కంచం వంక చూస్తూ ఉండిపోయారు. మర్నాడు కావాలనే కూరలో ఉప్పు వేయలేదు. తిన్నారు. ఆ తరవాతా వేయలేదు. తిన్నారు. వరసగా చప్పిడి కూర పెడుతూ పోయాను, ఒక్క విసుగు, ఒక్క చురక వస్తుందేమోనని. ఉప్పు డబ్బా ఎదురుగానే ఉన్నా చేయి చాపలేదు. అప్పుడు భయం వేసింది. ఈ మనిషి లోపల తినేస్తున్నది కూర కాదు.

శనివారం షెడ్డుకు వెళ్లి తమ్ముడి పనిముట్ల సంచి తెచ్చుకోవాలంది మరదలు. ఒక్కతే వెళ్లలేనంది. నేనూ వస్తానన్నాను. కెటిలు దింపి, రుద్ది, నిండా టీ కాచి, గుడ్డ చుట్టి పట్టుకున్నాను. మరదలు చూసింది గానీ అడగలేదు.

షెడ్డులో అందరూ ఎవరి మూల వాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. ఇంతమంది ఉన్నచోట అంత నిశ్శబ్దం నేను పరీక్ష హాల్లో తప్ప చూడలేదు. మమ్మల్ని చూసి లేచారు. ఒకాయన సంచి తెచ్చి మరదలి చేతికిచ్చాడు. నేను పీపా మీద కెటిలు పెట్టి, తమ్ముడి స్టూలు లాక్కుని కూర్చున్నాను.

“శనివారం కదా,” అన్నాను. “మా వాడి బదులు వచ్చాను.”

ఎవరూ కదల్లేదు. మొదటి గ్లాసు పోసి చేత్తో పట్టుకున్నాను. వేళ్లు కాలుతున్నాయి. షెడ్డు చివర తన అద్దాల గదిలో మా ఆయన తలెత్తి చూడడం కనిపించింది.

అక్కడ పంతులని పిలిచే మెకానిక్కు ఒకడున్నాడు. ఏదైనా పుస్తకంలో చూసిగాని చెప్పడు, అందుకా పేరు. టీ జరిగిన రోజుల్లో కూడా తన తప్పంటూ పెదవి విప్పి ఎరగడు. వాడే ముందుకొచ్చాడు.

“అమ్మా, కళ్లాసుపత్రి బ్రేకు అంతకుముందు నెల నేను చూశానండి,” అన్నాడు. “నాకూ నచ్చలేదు. అనుమానమని చెప్పి, తీరా ఏమీ లేదని తేలితే నా మాటకూ బరువు పోతుందని... బాగానే ఉందని చెప్పేశాను. నా మాట అది నమ్మింది. నేనెప్పుడూ తప్పు చెప్పుకున్నవాణ్ని కాదుగా. నమ్మదూ మరి?”

మరదలు సంచిని గుండెలకు హత్తుకుంది. అవతలినించి పొడుగాటి మెకానిక్కు ఒకడు తల వంచుకుని, “మేమెవరం తప్పులు మానలేదమ్మా. చెప్పడం మానేశాం,” అన్నాడు.

పంతులు గ్లాసు కోసం చేయి చాపాడు. ఇవ్వబోయాను.

“అది నీది కాదు.”

మా ఆయన ఎప్పుడు గదిలోంచి వచ్చారో. పంతులిని భుజం పట్టి మెల్లగా పక్కకు జరిపారు. నా చేతిలో గ్లాసు తీసుకున్నారు. ఇన్నేళ్లలో మొదటి గ్లాసు ఆయన పట్టుకోవడం అదే మొదలు. ఎలా పట్టుకోవాలో కూడా తెలియనట్టు రెండు చేతులా పట్టుకున్నారు. నురగ తొణికి వేళ్లమీద పడినా తుడుచుకోలేదు.

తాగలేదు. మరదలి వైపు తిరిగారు.

“చెల్లెమ్మా,” అన్నారు. ఆ నోటికి ఆ మాటలు అలవాటు లేవు, వెతుక్కుంటున్నారు. “వాడు ఆ మధ్యాహ్నం నాకు ఫోన్ చేశాడమ్మా. బ్రేకు బాగాలేదు, ఆపేస్తానన్నాడు. నువ్వు ఊఁ అను చాలు బావా అన్నాడు. నేను వద్దన్నాను. ఎక్కమన్నాను. వాడు అన్నీ సరిగ్గానే చేశాడు. పెద్దల దగ్గరా ఇదే చెబుతాను. పాపకు చెప్పు.”

గ్లాసు ఇంకా చేతుల్లోనే ఉంది.

“తప్పు నాది.”