జావకుండలో వెన్న

గుండెజబ్బు వచ్చినప్పటి నుంచీ పెద్దాయనకు రెండు పూటలా చప్పిడి జావే గతి. వెన్న పేరెత్తొద్దన్నాడు డాక్టరు. డాక్టరు ఒక్కసారి అన్న మాటను ఇల్లాలు పూటపూటా అంటుంది. ఒకప్పుడు బడిలో పిల్లల్ని గడగడలాడించిన లెక్కల మాస్టారు, ఇంట్లో మాత్రం ఆమె ముందు నోరెత్తడు.

ఆ జావ కాచే మట్టికుండ కోడలిది. ఆవిడ ఉద్యోగమే వింత. తవ్వకాల్లో దొరికిన పాతకాలపు పెంకుల్ని పొడి చేసి, మట్టిలో ఇంకిపోయిన కొవ్వును మందులతో బయటికి లాగి యంత్రానికిస్తుంది. ఆనాటివాళ్ళు ఏం వండుకున్నారో యంత్రం గీతలు గీసి చెబుతుంది. ఒక పెంకులో గింజలతో పాటు పాలకొవ్వు జాడ కనబడితే, వాళ్ళు జావలో వెన్నో మీగడో కలుపుకునేవారని పైవాళ్ళకు చెప్పింది. ఆ జాడ ఉత్త గింజలదే ఎందుకు కాకూడదన్నారు వాళ్ళు. అది తేల్చుకోవడానికే కొత్త కుండ తెచ్చి, "అత్తయ్యా, ఇందులో నీళ్ళూ గింజలూ తప్ప ఇంకేమీ పడకూడదు" అని అప్పగించింది.

అత్తగారు మాట తప్పలేదు. ఆవిడ మొక్కలకు నీళ్ళు పోయడానికి వెళ్ళగానే మావగారే చప్పుడు కాకుండా వంటింట్లో దూరేవాడు. గిన్నెలో వేసుకుంటే వెన్న పైకి తేలి పట్టిస్తుంది. అందుకని తిన్నగా కుండలోనే వేసి గరిటెతో తిప్పేసేవాడు. ఇంత వెన్నకు కుండకేం నష్టంలే అనుకున్నాడు. ఆయనకు తోడుగా అదే జావ తాగే ఇల్లాలు, "ఈ మధ్య నా చేతికి రుచి వచ్చిందండోయ్" అని మురిసిపోయేది. ఆయన బుద్ధిగా తలూపేవాడు.

ఒక సాయంత్రం కోడలు పని నుంచి వచ్చి, సంచీ కూడా దించకుండా కుర్చీలో కూలబడింది.

"ఏమైందమ్మా?" అన్నాడు పెద్దాయన.

"నేను పొరపాటు పడ్డాను మావయ్యా. మనింటి ఉత్త జావకుండలోనూ అచ్చం అదే గీత వచ్చింది. అత్తయ్యనడిగితే చుక్క పాలు కూడా పడలేదంది. అంటే అది గింజల జాడే. రేపు మీటింగులో అందరి ముందూ నా మాట వెనక్కి తీసుకోవాలి. ఇన్నాళ్ళ పనీ నీళ్ళపాలైంది."

పెద్దాయన నోరు విప్పితే వెన్నకు నీళ్ళొదులుకోవాలి. విప్పకపోతే ఈ పిల్ల చెయ్యని తప్పుకు తల దించుకోవాలి. తప్పు చేసినవాడు లేచి నిలబడాలని బతుకంతా పిల్లలకు చెప్పిన మనిషాయె. లేచి నిలబడ్డాడు.

"నీ యంత్రం అబద్ధం చెప్పలేదమ్మా. వెన్న వేసింది నేనే."

"మీరా? ఎప్పుడు?"

"మీ అత్త మొక్కల దగ్గరికెళ్ళినప్పుడల్లా."

కోడలు కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. "ఎంత పని చేశారు మావయ్యా! సరే, రేపు గడువడిగి మళ్ళీ కొత్త కుండతో మొదలుపెడతాను."

గుమ్మంలో నిలబడి అంతా విన్న ఇల్లాలికి వెన్న పోయినందుకు కాదు కోపం. "అయితే అది నా చేతి రుచి కాదన్నమాట!" అని మూతి ముడుచుకుంది.

ఈసారి కుండ పక్కనే స్టూలేసుకుని కూర్చుందావిడ. ఈగను కూడా వాలనివ్వలేదు. ఆ కుండ పెంకులో పాలకొవ్వు ఆనవాలే లేదు. కోడలి మాట నిలబడింది.

ఆ కబురు చెప్పడానికి ఆమె పరుగున వచ్చేసరికి పెద్దాయన చప్పిడి జావ ముందు కూర్చుని ఉన్నాడు. విని, తనకే మెచ్చుకోలు దక్కినంతగా పొంగిపోయాడు. వెన్న పోయిందన్న దిగులు కూడా కాసేపు మరిచిపోయాడు.

"అయితే ఆ కాలంలోనూ చప్పిడి జావ మింగుడుపడనివాడు ఒకడున్నాడన్నమాట" అన్నాడు. వంటింటి వైపు ఓ చూపు చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "వాళ్ళావిడకు దొరికిపోయాడంటావా, పాపం?"

"లేదు మావయ్యా. ఇన్నాళ్ళకి నాకు దొరికాడు."