మారు వడ్డన

పళ్ళ డాక్టరమ్మ చిన్న అద్దాన్ని పై పళ్ళ వెనక్కి పోనిచ్చి చాలాసేపు చూసింది. చల్లనీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమంటున్నాయని వచ్చిన అమ్మాయి కుర్చీలో వెల్లకిలా పడుకుని పైకప్పుకేసి చూస్తోంది. ఇరవై ఆరేళ్ళుంటాయి. ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం. చూపుడువేలికి ఎర్రసిరా మరక.

"పుల్లటివి బాగా తింటావా?"

"లేదండీ."

"సోడాలు, కూల్‌డ్రింకులు?"

"ముట్టనండీ."

ముందు పళ్ళ బయటివైపు బాగానే ఉంది. లోపలివైపు మాత్రం పైపొర అరిగి, నున్నగా, పలచగా అయిపోయింది. కడుపులో పులుపు మాటిమాటికీ నోట్లోకొస్తే అరిగే తీరు అది. డాక్టరమ్మ లేచి గది తలుపు వేసింది. బయట బల్లమీద ఈ అమ్మాయి పెద్దమ్మ కూర్చుని ఉంది. డాక్టరమ్మ మూతికున్న మాస్కు కిందకి లాగి, స్టూలు దగ్గరికి జరుపుకుంది.

"తిన్నాక కక్కేస్తున్నావా అమ్మా?" అని, పొద్దున్నే ఎన్నింటికి లేస్తావని అడిగినంత మామూలుగా అడిగింది.

"లేదండీ" అంది అమ్మాయి. నోరు పుక్కిలించడం కూడా మరిచిపోయి చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఆమెని ఇంట్లో పిచ్చుక అనేవారు. ఆరేళ్ళప్పుడు తల్లి పోతే పెద్దమ్మే తెచ్చుకుని పెంచింది. పెద్దమ్మ ఒక ఆసుపత్రి క్యాంటీన్లో ముప్ఫై ఏళ్ళు వంట చేసింది. పూటకి రెండొందల మందికి పెట్టిన చెయ్యి. కోపమొచ్చినా, జాలేసినా, ప్రేమ పుట్టుకొచ్చినా ఆ చెయ్యి గరిటె మీదికే పోయేది. తల్లిలేని పిల్ల రెండు మెతుకులు తిని లేచిపోతుంటే, "పిచ్చుక నయం" అని బతిమాలి తినిపించింది. అలా ఆ పేరు నిలిచిపోయింది.

ఆ ఇంట్లో ఆడపిల్లకి మంచిపేరు రావాలంటే రెండు సంగతులు ఉండాలి. పెద్దవాళ్ళు వడ్డించింది కాదనకూడదు. తిన్నది ఒంటిమీద కనబడకూడదు. రెండూ ఎవరూ ఒకేసారి చెప్పలేదు కాబట్టి, ఒకదానికొకటి పొసగవని ఎవరికీ తట్టలేదు.

పిచ్చుకకి పదమూడేళ్ళప్పుడు ఇంటికి చుట్టాలొచ్చారు. పెద్దమ్మ మారు వడ్డిస్తుంటే మేనమామ కంచంలోకి చూసి, "పిచ్చుకన్నారు, బాతైంది కదర్రా!" అన్నాడు. ఇల్లంతా నవ్వింది. పెద్దమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే, "తిను తల్లీ, నా మాట కాదనకు" అని ఇంకో గరిటె వేసింది. పిచ్చుక కూడా నవ్వింది. మెతుకు మిగల్చకుండా తినేసి, చెయ్యి కడుక్కుని పెరట్లోకి వెళ్ళింది. మొదటిసారి అనుకోకుండానే జరిగింది. కడుపు తేలికైంది, మనసు అంతకన్నా తేలికైంది. పెద్దమ్మ మాటా నెగ్గింది, మామయ్య మాటా తప్పింది.

ఆ తర్వాత పదమూడేళ్ళు ఆ పని చప్పుడు కాకుండా సాగింది. పంపు ఎంత తిప్పితే లోపలి చప్పుడు బయటికి వినబడదో ఆమెకి తెలుసు. ప్రెస్సులో తోటివాళ్ళు, "ఏం తిన్నా ఒంటికి పట్టదు, పెట్టిపుట్టావే" అనేవారు. పెద్దమ్మైతే వచ్చినవాళ్ళందరికీ చెప్పేది: "మా పిల్ల ఎంత పెట్టినా వద్దనదండీ. అయినా చూడండి, చువ్వలా ఎలా ఉందో!" ఆ మెప్పు విన్న ప్రతిసారీ పిచ్చుకకి గొంతులో మంట పుట్టేది.

పళ్ళ డాక్టరు అడిగిన మాట నుంచి ఆమె రెండు నెలలు తప్పించుకు తిరిగింది. ఒకరోజు ప్రెస్సులో రొట్టె కొరికితే ముందుపన్ను అంచు ఊడి అరచేతిలో పడింది. ఈసారి ఒంటరిగా వెళ్ళింది. డాక్టరమ్మ ఏమీ అడగలేదు. పన్ను పూడ్చి, దీపం పక్కకి తిప్పింది.

"పదమూడేళ్ళ నుంచండీ" అంది పిచ్చుక, అడక్కుండానే.

"పన్ను నేను బాగుచేస్తాను. మిగతాది నావల్ల కాదు. ఇది జబ్బమ్మా, నీ గుణం కాదు. ఇలాగే వదిలేస్తే గుండె మీదికొస్తుంది." చీటీ మీద ఇంకో డాక్టరు పేరు రాసిచ్చింది.

ఆ డాక్టరు మనసు జబ్బులు చూసే ఆవిడ. రక్తపరీక్షలు చేయించింది, రెండుసార్లు ఓపిగ్గా విన్నది. మూడోసారి, "నీకు వడ్డించేది ఎవరో వాళ్ళని తీసుకురా" అంది.

అదే కొండంత పనైంది. ఆ సాయంత్రం పెద్దమ్మ నేలమీద కూర్చుని చిక్కుళ్ళకి ఈనెలు తీస్తోంది.

"పెద్దమ్మా, నువ్వు పెట్టింది నేను ఉంచుకోవట్లేదు."

"ఉంచుకోకపోవడమేంటే?"

"తిన్నాక కక్కేస్తున్నాను. కావాలనే. చిన్నప్పట్నుంచీ."

పెద్దమ్మ చేతిలోని చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "నా చేతి వంట అంత రోతగా ఉందా?"

"వంట గురించి కాదు..."

"పస్తులున్న ఇంట్లో పుట్టానే నేను" అని లేచి లోపలికి వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు వండి, మూతలు పెట్టి, పక్కగదిలోకి పోయేది. తిను అనలేదు, తినొద్దనలేదు. పిచ్చుకకి జీవితంలో అంత కష్టమైన భోజనాలు లేవు. అయిదోరోజు పెద్దమ్మ బయటికెళ్ళే చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. "ఎక్కడే ఆ డాక్టరు? నేనే అడుగుతాను పద."

డాక్టరు అంతా విని, "మీరు ఇకనుంచి వడ్డించకండమ్మా. తనే పెట్టుకుంటుంది" అంది.

"వడ్డించకపోతే ఆ ఇంట్లో నేనెందుకు?"

డాక్టరు నవ్వలేదు. "ఇంకొంచెం అనొద్దు. లావయ్యావనీ చిక్కావనీ అనొద్దు. సన్నగా ఉన్నావని మెచ్చుకోవద్దు కూడా."

"మరేం మాట్లాడాలి దీంతో? ఇరవై ఏళ్ళుగా మేం మాట్లాడుకున్నదే అది!"

అన్నాక ఆ మాట పెద్దమ్మకే వినబడింది. పిచ్చుకకేసి చూసి, చూపు దించుకుంది.

బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. రెండు స్టాపులు దాటాక పెద్దమ్మ అంది. "మీ మామయ్య బాతన్న రోజు నేనూ నవ్వాను కదే."

"గుర్తుందా నీకు?"

"నవ్వినట్టు గుర్తుంది. ఎందుకు నవ్వానో గుర్తులేదు." కిటికీలోంచి చూస్తూ మళ్ళీ చెప్పింది. "పెళ్ళైన కొత్తలో మా అత్తగారు నా కంచం చూసి, ఆడదానికి అంత ఆకలేంటి అంది. అప్పట్నుంచీ అందరి భోజనాలయ్యాక వంటింట్లో నిలబడే తిన్నాను. నిన్ను తెచ్చుకున్నప్పుడు అనుకున్నా, దీన్ని మాత్రం కూర్చోబెట్టి కడుపునిండా పెట్టాలని."

పిచ్చుక పెద్దమ్మ చెయ్యి పట్టుకుని దిగాల్సిన స్టాపు దాకా వదల్లేదు.

జబ్బు ఆ రోజుతో పోలేదు. మొదటి నెల వారానికి నాలుగైదుసార్లు, తర్వాత రెండుసార్లు. ఒకసారి పదిరోజులు బాగుండి మళ్ళీ మొదటికొచ్చింది. ఆ సంగతి పిచ్చుక దాచకుండా చెప్పింది. పెద్దమ్మ ఇప్పుడు తన కంచం తెచ్చుకుని ఎదురుగా కూర్చుంటోంది. గరిటె మీదికి చెయ్యి పోబోతే రెండో చేత్తో పట్టుకుని ఆపుకుంటోంది. తిన్నాక వచ్చే అరగంటే గండం.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక పిచ్చుక బాత్రూము దాకా వెళ్ళి, తలుపు మీద చెయ్యేసి ఆగింది. వెనక్కి వచ్చి కూర్చుంది.

"పెద్దమ్మా, ఏదైనా మాట్లాడు. తిండి గురించి కాకుండా."

పెద్దమ్మ కంగారుపడింది. అటూ ఇటూ చూసింది. "మా ఆసుపత్రికి లిఫ్టు కొత్తగా వచ్చిన రోజు చెప్పనా?"

"చెప్పు."

"మాకు భయం, ఎవరం ఎక్కం. ముందు గిన్నెని పంపిద్దామన్నాడు మా వంటమాస్టరు. ఇంత పెద్ద పప్పు గిన్నె లోపల పెట్టాం. మేం చూస్తుండగానే తలుపులు మూసుకుని, అది ఒక్కతే పైకెళ్ళిపోయింది. మేం మెట్లమీద పరుగు! ఒక్కో అంతస్తులో అడగడం, మా గిన్నె ఇటొచ్చిందా అని..." ఠక్కున నాలుక కరుచుకుంది. "అయ్యో, మళ్ళీ తిండి వచ్చేసింది."

పిచ్చుక నవ్వింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పర్లేదు, చెప్పు. ఎక్కడ దొరికింది?"

"ఆపరేషన్ల అంతస్తులో. పెద్ద డాక్టరుగారు దాని పక్కనే నిలబడి ఉన్నారు. ఈ పేషెంటుని ఎవరు పంపారూ అని..."

గోడగడియారంలో అరగంట దాటి చాలాసేపయింది. ఇద్దరిలో ఎవరూ అటు చూడలేదు.