మూడో చరణంలో ఆగిన సుందరమ్మ

సుందరమ్మ కన్ను పోయేంత పనైంది. ఆమె భర్త మనస్తత్వశాస్త్రం చదువుకోవడమే అందుకు కారణం.

కృపారావు బాపట్లలో కాబోయే టీచర్లకు ఆ శాస్త్రమే బోధించి, రిటైరై రేపల్లెలో ఉంటున్నాడు. మనిషి నోరు విప్పకముందే లోపలున్నది చదవగలనని ఆయన నమ్మకం. సుందరమ్మనైతే పెళ్లయిన నాటినుంచీ చదువుతున్నాడు.

ఆ వేసవిలో ఆమె అన్నం తింటూ తింటూ ఆగిపోవడం మొదలుపెట్టింది. కాసిని ముద్దలు నమిలి, చెయ్యి కంచంలోనే ఉంచి గోడవంక చూసేది. కాసేపటికి మళ్లీ నమిలేది. అలక, అనుకున్నాడు కృపారావు. పాస్టరుగారింట్లో చేపల పులుసును తాను అందరి ముందూ మెచ్చుకున్న సంగతి గుర్తొచ్చింది.

తరవాత తలకు నూనె వద్దంది. దువ్వెన తగిలితే నెత్తి మండుతోందంది.

"ఆ చేపల పులుసు ఇంకా అరగలేదన్నమాట."

"అరగాలంటే ముందు నమలాలి కదండీ. దవడలు పీకుతున్నాయి."

"కోపం బిగబట్టుకుంటే అంతే. దానికి శాస్త్రంలో ఓ పేరుంది."

"మీ శాస్త్రంలో అన్నిటికీ పేర్లుంటాయి. మందే ఉండదు."

లూథరన్ గుడిలో ఆడవాళ్ల పాటకు ఆమెదే ముందు గొంతు. ఇప్పుడు మూడో చరణం రాగానే నోరు మూసుకుని, కాస్త ఆగి మళ్లీ అందుకునేది. "మూడో చరణం మీద అక్కకి నమ్మకం లేదేమో," అని పక్కన పాడే పుల్లమ్మ నవ్వింది.

ఒక ఆదివారం సుందరమ్మ గుడి మెట్లు దిగుతూ ఆగిపోయింది. "ఏవండీ, కుడికంటికి తెర దించినట్టయింది."

కృపారావు నోటిదాకా ఒక శాస్త్రీయమైన మాట వచ్చింది. అంతలో ఆమె చెయ్యి తన భుజం కోసం గాలిలో వెతకడం చూశాడు. కాసేపటికి ఆమెకు చూపు తిరిగొచ్చింది. ఆయనకు ఆ మాట తిరిగి రాలేదు. మధ్యాహ్నం రైలుకే ఆమెను తెనాలి తీసుకెళ్లాడు.

డాక్టరు నరసింహారావు కంటి సంగతి విని, దవడ గురించి అడిగాడు.

"నమలగానే నొప్పా అమ్మా, నమలగా నమలగానా?"

"నమలగా నమలగానండి. ఆపితే తగ్గుద్ది. పాటక్కూడా అంతే."

ఆయన కణత మీద వేలు పెట్టగానే ఆమె ఉలిక్కిపడింది. చర్మం కింద నరం పురికొసలా గట్టిపడి ఉంది.

"రక్తనాళం వాచిందమ్మా. దవడకీ కంటికీ రక్తం సరిగా అందట్లేదు. రక్తపరీక్షకి పంపుతాను గానీ, అదొచ్చేదాకా ఆగను. మొదటి మాత్రలు ఇక్కడే మింగండి. ఈసారికి చూపు తిరిగొచ్చింది. ఇంకోసారి పోతే రాకపోవచ్చు." కృపారావు వైపు తిరిగాడు. "మాస్టారూ, ఇన్నాళ్లూ మీరేమనుకున్నారు?"

"చేపల పులుసనుకున్నానండి."

మాత్రలు పడ్డాక దవడ నొప్పి త్వరగానే తగ్గింది. కంటి భయం మాత్రం కృపారావును వదల్లేదు. రోజూ పొద్దున్నే ఎదురుగా కూర్చుని ఆమె ఎడమకన్ను అరచేత్తో మూసేవాడు.

"ఏం కనపడుతోంది?"

"మీ మొహం."

"స్పష్టంగానా?"

"అవసరానికి మించి."

ఆమె నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో ఆయన ఊహించబోలేదు. చెయ్యి మార్చి రెండో కన్ను మూశాడు.