కుంపటి పక్కన ఫెర్న్‌లు

మొదటి కుండీని నా పెనిమిటి గోడకేసి కొట్టిండు. రెండోది నా కాళ్ళ మీద పగిలింది.

"గడ్డి కోసం కుంపటి బయట పెడతవానే?" అని జుట్టు పట్టి గుంజిండు భానుప్రసాద్. పన్నెండేండ్లు బొగ్గుబాయిల పనిచేసిన చెయ్యి అది, పట్టిందంటె ఊడదు.

నస్పూర్‌ల మా క్వార్టర్ రెండర్రలు. పక్కింటి రమక్క బదిలీ మీద పోతూ నాకు మూడు ఫెర్న్ కుండీలు ఇచ్చిపోయింది. వానకాలమంత కళకళలాడినయ్. సలి ముదరంగనే ఆకుల కొసలు ఎర్రబడ్డయ్, ముట్టుకుంటె పొడి రాలుతుంది. దూప అయితుందేమో అని నీళ్ళు పోసిన. ఇంకింత వాలిపోయినయ్.

మా అత్త బాలవ్వకు పాణం ఊకోలే. "పసిపోరి లెక్క వణుకుతున్నయ్ బిడ్డా" అని మూడింటినీ కుంపటి పక్కకు జరిపింది. నా ఎనిమిది నెలల బిడ్డ నిఖిత ఉయ్యాల గూడ అక్కడ్నే. గాలి రాకుండ కిటికి సందుల్ల పాత చీరలు కుక్కింది. మా కాలనీల బొగ్గుకు కరువు లేదు, సలికాలం కుంపటి ఆరదు.

నాలుగు రోజులకు ఫెర్న్‌లు మాడిపోయినయ్. బిడ్డను అత్తకాడ ఉంచి, ఒక ఆకు తెంపుకొని మంచిర్యాల నర్సరీకి పోయిన. నర్సరీ నడిపే రామచంద్రం ఆకును తిప్పి తిప్పి చూసిండు.

"ఇంట్ల బొగ్గు కాలుస్తున్నరా చెల్లె?"

"సలి గదనే అన్నా."

"ఇది సలికి మాడలే, కుంపటి వేడికి, ఆ బొగ్గు విషగాలికి మాడింది. ఎండిన ఆకులు మొదలు కాడికి కోసెయ్. పళ్ళెంల గులకరాళ్ళు, నీళ్ళు పోసి వాటి మీద కుండీ పెట్టు. పైమట్టి ఆరితేనే తడుపు. సలి పోయేదాక ఎరువు వద్దు." ఆకు పక్కన పెట్టి నా దిక్కు చూసిండు. "ఆ అర్రల ఇంకెవలు పండుకుంటరు?"

పొద్దటి సంది నిఖిత పాలు ముట్టలే. లేపితే కండ్లు తెరుస్తలేదు. సలికి ముడుచుకున్నదనుకున్న.

ఆటో ఎక్కి ఉరికొచ్చిన. బిడ్డ మెడ వాలిపోయున్నది. కుంపటిని వాకిట్లకు ఈడ్చి, కిటికిల చీరలు గుంజి, బిడ్డను ఎత్తుకునేసరికి భానుప్రసాద్ డ్యూటీ దిగి వచ్చిండు. కుంపటిని మళ్ళ లోపట పెట్టిండు, కిటికి మూసిండు. అప్పుడే కుండీలు పగిలినయ్.

"బాయిల రోజు బొగ్గే మింగుతున్న, నాకేమన్నయిందా?"

"బాయిల గాలి కోసం పంకలు తిప్పుతరు! నువ్వు కిటికి గూడ మూస్తివి!"

చెంప మీద కొట్టిండు. నోట్ల నెత్తురు ఉప్పగ తగిలింది. తలుపుకు అడ్డం నిలబడ్డడు. నేను వంగి కుంపట్లున్న పట్టుకారు తీసిన. కొస ఎర్రగ ఉన్నది.

"అడ్డం లే."

"కాలుస్తవా? ఏదీ, కాల్చు," అని నవ్విండు.

కాల్చిన. మణికట్టు మీద చర్మం సుయ్యిమన్నది. వాడు అరుసుకుంట కూలబడ్డడు. బిడ్డను అదుముకొని వాని మీదికెళ్ళి దాటి బయటపడ్డ. నా ఎనుక చెప్పులు లేకుంట బాలవ్వ.

దవాఖానల బిడ్డ ముక్కుకు ఆక్సిజన్ పెట్టిన్రు. ఇంకో గంట ఆగితే దక్కకపోవునని డాక్టరమ్మ అన్నది. బాలవ్వ కిందనే కూసొని తల గోడకు కొట్టుకున్నది. "నేనే జరిపిన, నేనే కుక్కిన."

బిడ్డ తేరుకున్నంక బెల్లంపల్లి, మా తల్లిగారింటికి వచ్చిన. పగలకుండ మిగిలిన మూడో కుండీని బాలవ్వ సంకల పెట్టుకొని బస్సుల తెచ్చింది, మళ్ళ తిరిగి పోలే. ఆకులన్ని కోసి గులకరాళ్ళ మీద పెట్టిన. పొద్దున వేలు పెట్టి చూస్త, తడి ఉంటె నీళ్ళు ముట్టియ్య. ఇంకా చిగురు రాలే. మొదలు కుళ్ళి మెత్తబడలే, అంతే.

నిన్న భానుప్రసాద్ చేతికి కట్టుతోని వచ్చిండు. గేటు తన్నిండు. "నా బిడ్డను ఇయ్యిన్రి!"

బాలవ్వ వాకిట్లకు పోయింది. "బిడ్డను పాణంతోని ఉంచుకున్నది ఆమెరా. నువ్వు తలుపు మూసినోనివి."

"అవ్వా, నువ్వు గూడనా?"

"నేను గూడ మూసిన. అందుకే గీడ ఉన్న." గొళ్ళెం పెట్టింది.

వాడు ఇంకోసారి తన్నిండు. గేటు ఊగింది. నేను నిఖితను సంకనేసుకున్న, లోపలికి పోలే. పోయి అత్త పక్కన నిలబడ్డ.