సందు లేని బండలు

...అయినా ఖాళీని ఇంతని ఎలా కొలవాలి? ఫోన్లో సాహితి చెప్పినంత తేలిక కాదు. "ఒక్కో బొమ్మ చుట్టూ ఖాళీ ఉండాలక్కా. చూసేవాళ్లు ఒక్క బొమ్మతోనే ఒంటరిగా ఉండాల" అంది. కడపలో ప్రదర్శనలు ఏర్పాటు చేస్తూ ఉండే పిల్ల, తెలిసే చెప్పి ఉంటుంది. ఒంటరిగా ఉండడం కూడా ఒకరు ఏర్పాటు చేయాల్సిన పనేనా అనుకుంటూనే, రత్నమణి ఉదయం చర్చి హాలు గోడ మీద పెన్సిలుతో గీతలు పెట్టింది. బొమ్మకూ బొమ్మకూ మధ్య మూరెడు.

డ్రాయింగ్ టీచరుగా రిటైరయ్యాక ఇది ఆమె మొదటి ప్రదర్శన. తొమ్మిది బొమ్మలూ అక్క జీవమ్మవే. బేతంచెర్ల బండల మీద, పాలిష్ పట్టని గరుకు వైపు, ఏళ్ల తరబడి తను గీసినవి. ఇంట్లో ఉన్నది ఇద్దరే కాబట్టి గీయడానికి ఇంకెవరూ దొరకలేదనుకునేది. పోయినేడు జీవమ్మ చనిపోయింది.

మేకులు బండల బరువు ఆపలేవు. గోడ పొడవునా చెక్క బిగించి వాటిని నిలబెట్టడానికి, ఇళ్లలో బండలు పరిచే నరసింహను పిలిచింది. గేటు దగ్గర బ్యానరు కట్టించి తిరిగొచ్చేసరికి అతను పని ముగించి చేతులు దులుపుకుంటున్నాడు. కుడి మూల నుంచి తొమ్మిది బండలనూ ఒకదానికొకటి ఆనించి పేర్చాడు. ఎడమ వైపు గోడంతా బోసిగా మిగిలింది.

"చూడు టీచరమ్మా, చీమ గూడా దూరదు!"

"కడపమ్మాయి చెప్పినట్ల సందు ఇడిసిపెట్టమని గీతలు గీసినా కదప్పా!"

"సందా? సందు పెట్టినట్ల మా మేస్త్రికి తెలిస్తే, పని యాడ నేర్చినావురా అని నా వీపు పగలగొడ్తాడు."

"ఇది నేల కాదు, నరసింహా."

"నేలైతేనేం, గోడైతేనేం. బండ బండే కదమ్మా." నవ్వుతూ వెనక్కి జరిగాడు. వరసనంతా ఒకసారి చూశాడు. నవ్వు ఆగింది. "ఈయమ్మ అన్నిట్లోనూ ఆ ఎడం పక్కకే చూస్తాండాదే. యెవురన్నా వచ్చేదుండ్యనా?"

"మా అక్క. వెలుతురు కోసం వాకిలి కాడ కూర్చోబెట్టేదాన్ని."

ఆ మాట తనకు తాను చెప్పుకున్నట్టే ఉంది. మొదటి బండలో జీవమ్మకు లావుపాటి జడ. చివరిదానిలో జుట్టంతా తెలుపు. ముఖం మాత్రం ఎప్పుడూ వాకిలి వైపే. విడివిడిగా చూసినప్పుడు అది నెమ్మది అనిపించేది, ఫోటోలు చూసి సాహితీ అదే మాట అంది. పక్కపక్కన చేరేసరికి అంతా కలిసి ఒకే చూపయింది. ఒక మనిషి వయసంతా బయటికి చూస్తూ గడిపిన చూపు. తొమ్మిదింటిలో ఒక్కదానిలోనూ గీస్తున్న చెల్లెలి వైపు తిరగలేదు.

కాసేపు కూర్చున్నాక జీవమ్మ ప్రతిసారీ అడిగేది: "అయిపాయనా? లేసేదా?"

"కదలొద్దక్కా" అనేది తను. లేచి ఎక్కడికి పోవాలనుందో ఏనాడూ అడగలేదు. అడిగితే చెబుతుందని భయమా? చెప్పి నిజంగానే పోతుందనా? గీయడానికి ఇంకెవరూ లేరన్నది అబద్ధం. బడినిండా పిల్లలుండేవారు. అక్కను కుర్చీలో ఉంచడానికి అంతకన్నా మర్యాదైన ఉపాయం దొరకలేదు, అంతే.

నరసింహ గడ్డపార అందుకున్నాడు. "జనం వచ్చే యాళయింది. ఇడదీసేదా? నాకేం శానా పని గాదులే."

విడదీస్తే ఎవరికీ తెలియదు. సాహితికి నచ్చుతుంది. వచ్చినవాళ్లు ఒక్కో బొమ్మ ముందూ ఆగి, ఎంత ప్రశాంతంగా ఉందో అంటారు. తనూ రేపటి నుంచి మళ్లీ అలాగే అనుకోగలదు. మూరెడు ఖాళీ చాలు అందుకు.

"చెప్పు టీచరమ్మా."

"వద్దప్పా. ఉండనీ."

"ఆ కడపమ్మ తిట్టదా?"

"తిడితే నేను పడతాలే."

అతను గడ్డపార భుజాన వేసుకుని, అర్థం కానట్టు తల ఊపి వెళ్లిపోయాడు. రత్నమణి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఈడ్చుకుంటూ వెళ్లి అక్క చూసే ఎడమ వైపు బోసిగోడ పక్కన, వరస వైపు తిప్పి వేసుకుని కూర్చుంది. జీవమ్మ చూపులు తన తల మీదుగా దాటిపోతున్నాయి.

ఆ చూపులకు అందేలా లేచి నిలబడింది.